ముద్ద మీది రెండు గుంటలు

తెలంగాణ వచ్చిన తొలి ఏళ్లలో, ఒక ఎండాకాలం, నన్ను అశ్వారావుపేట పంపారు. పురావస్తు శాఖలో, తవ్వకాల్లో దొరికిన లోహ వస్తువులను శుభ్రపరిచే కెమిస్టును నేను. పామాయిల్ మొక్కలకు గుంతలు తీస్తుంటే ప్రాచీన వెండి నాణేల కుండ బయటపడింది. కుండ పగిలింది కానీ లోపలి నాణేలు పచ్చటి చిలుముతో అతుక్కుని, కుండ ఆకారంలోనే ముద్దగా బిగిసిపోయాయి. వాటిని త్వరగా మెరిసేలా చేసి ప్రదర్శనకు ఇవ్వమని మా పై అధికారి ఆదేశం. మా పనిలో ‘త్వరగా’ అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది.

ముద్ద పోలీసు స్టేషన్లో ఉంది. అక్కడే బెంచీ మీద రాములమ్మ కూర్చుని ఉంది. కుండను బయటికి తీసిన కూలి మనిషి ఆమే, మర్నాడు తెచ్చి అప్పగించిందీ ఆమే. అయితే ఆమె ఇంట్లో దేవుడి పటం ముందు రెండు నాణేలు తళతళలాడుతూ దొరికాయి. ఇంకా చాలా అమ్మేసి ఉంటుందని ఎస్సై అనుమానం. కేసు రాయడమే తరువాయి.

"రెండే తీసిన సారూ" అంది నాతో. "కొడవలి మొనతోని ఊడబెరికి, చింతపండు, బూడిదేసి తోమిన. భూమిల దొరికిన లచ్చిమికి దీపం పెట్టకుంట ఎట్ల ఇస్తం? శుక్రారం పూజయినంక ఇద్దామనుకున్న."

"అందరు గిదే చెప్తరు సార్" అన్నాడు ఎస్సై.

పాత నాణేల వెండిలో కొంత రాగి కలిసి ఉంటుంది. నేలలో ఏళ్ల తరబడి పడి ఉంటే ఆ రాగి చిలుముగా పైకి వచ్చి రాయిలా గట్టిపడుతుంది. పలుచటి ఫార్మిక్ ఆమ్లంలో నానబెడితే కరుగుతుంది, ఆపైన స్వేదనజలంతో పలుమార్లు కడగాలి. కానీ ఒకసారి ఆమ్లంలో దింపితే, ఆ ముద్ద ఎలా ఉండేదో మళ్లీ ఎవరూ చూడలేరు. అందుకని సీసా పక్కన పెట్టి భూతద్దం తీశాను. పై అధికారి ఫోను మోగుతూనే ఉంది, మోగనిచ్చాను.

ముద్ద చుట్టూ మట్టి కలిసిన పాత పొర ఎక్కడా తెగకుండా ఉంది. రెండు చోట్ల మాత్రం కొత్తగా ఊడిన గుంటలున్నాయి. వాటి అంచున కొడవలి గీత. ఆ కాలపు నాణేలు గుండ్రంగా ఉండవు. తూకం సరిచేయడానికి మూలలు కత్తిరించేవారు, అందుకే ఏ రెండూ ఒకేలా ఉండవు. రాములమ్మ తోమిన రెండూ తెప్పించి గుంటల్లో పెట్టి చూశాను. మూల మూలకూ సరిపోయాయి. మూడో గుంట లేదు.

ఎస్సై భూతద్దంలో చాలాసేపు చూశాడు. కాగితాలు పక్కన పెట్టి, "నువ్వు ఇంటికి పో అమ్మా" అన్నాడు.

రాములమ్మ లేచి, ఆ రెండు నాణేలను చూసి అడిగింది: "వీటి మీద బొమ్మలు లేవేంది సారూ?"

బూడిదతో తోమడం వల్ల నేలలో మెత్తబడిన పైపొరతో పాటు ముద్రలూ అరిగిపోయాయని చెప్పాను. నాణేలకు దండం పెట్టి వెళ్లిపోయింది. నాకు పాపం అనిపించింది.

మిగతా నాణేలను తర్వాత శుభ్రం చేశాను. గుంటలున్న వైపు మాత్రం అలాగే ఉంచాను. చిలుమును ఎప్పుడైనా వదిలించవచ్చు, వదిలించాక తిరిగి అంటించలేం. రిటైరయ్యేదాకా, ఏ వస్తువు వచ్చినా మొదటి రోజు ఆమ్లం సీసా మూత తీయలేదు.