చేతులకు సాక్సులు తొడుక్కున్న చలికాలం

మా సముద్రపు ఒడ్డు మనుషులకు జిడ్డంటే పగ. పొద్దున లేచింది మొదలు మెడా మొహం తుడుచుకోవడమే పని. తలకు రాసిన నూనె పూర్తిగా వదిలేదాకా మా అమ్మ మమ్మల్ని స్నానాలగదిలోంచి బయటకు రానిచ్చేది కాదు. అలాంటి చోట పెరిగి నర్సు ఉద్యోగానికి ఢిల్లీ వచ్చినదాన్ని. ఒంటికి జిడ్డు కావలసి వచ్చే ఊళ్ళు కూడా ఉంటాయని నాకెలా తెలుస్తుంది?

రెండువేల దశకం మొదటి ఏళ్ళు అవి. సరోజినీ నగర్‌లో ఒక గవర్నమెంటు క్వార్టరు వెనక గది అద్దెకు తీసుకుని, మా జిల్లా నుంచే వచ్చిన మరో నర్సుతో కలిసి ఉండేదాన్ని. నాకన్నా పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. నా డ్యూటీ నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో. ఒక బిడ్డను ముట్టుకుని మరో బిడ్డ దగ్గరకు వెళ్ళాలంటే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవలసిందే. చలి ముదిరేసరికి నా వేళ్ళ కణుపుల మీద చర్మం బీటలు వారింది.

వార్డు ఇన్‌ఛార్జి మేడమ్‌కి ఒక పద్ధతి ఉండేది. మా చేతులు చూసేది కాదు. అరచేతిలో స్పిరిట్ పోసి, రుద్దుకోమని, మొహంలోకి చూసేది. క్రీము రాసి పగుళ్ళు కనబడకుండా చెయ్యొచ్చు గాని, స్పిరిట్ దగ్గర మన వేషాలు సాగవు. ఒక మంగళవారం నాకు పోయగానే ప్రాణం పోయినంత పనయింది. పళ్ళు బిగబట్టినా లాభం లేకపోయింది.

"జల్ రహా హై న?" అంది.

మండుతోందని తలూపాను. పగిలిన చేతుల్లో క్రిములు చేరతాయని, అది ఆ పసివాళ్ళ ప్రాణం మీదికి వస్తుందని ఆవిడ చెప్పక్కర్లేదు. సోమవారం దాకా పిల్లల్ని ముట్టుకోకుండా స్టోరు చూసుకోమంది. అప్పటికీ మండితే బయటి రోగుల్ని చూసే ఓపీడీకి మార్చేసి, నా చోట్లో ఇంకో అమ్మాయిని తీసుకుంటానంది. తప్పు పట్టడానికి కూడా లేదు, అదే నాకు ఏడుపు. చెంచా పట్టనంత నోటితో పాలు మింగడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న ఆ పిల్లల్ని వదిలి వెళ్ళడానికి నాకు మనసొప్పలేదు.

ఇంటికి రాగానే హీటరు ముందు కూర్చుని, గడ్డకట్టిన కొబ్బరినూనె కరిగించి చేతులకు బాగా పట్టించాను. పడుకోబోయే ముందు వేణ్ణీళ్ళు, సబ్బు పెట్టి శుభ్రంగా కడిగేసుకుంటున్నాను. నెల రోజులుగా రోజూ నేను చేస్తున్నది అదే. అన్నాళ్ళూ నైట్ డ్యూటీలో ఉన్న అక్క అప్పుడే చూసింది.

"ఏంటే అది? రాసిందంతా కడిగేత్తన్నావేంటి?"

"జిడ్డక్కా. దుప్పటికి అంటుకోదూ?"

"మరి రాసుకోడం ఎందుకే, నూనెకి నీళ్ళు చూపిద్దారనా? ఇది మనూరు కాదే తల్లీ. ఇక్కడి గాలి ఒంట్లో తడంతా తాగేద్ది. దుప్పటి నేనుతుకుతాను గాని, చేతులు అలా ఒగ్గెయ్యి."

హీటరు కట్టేసింది. సబ్బు ముట్టుకోనివ్వకుండా గోరువెచ్చని నీళ్ళలో నా చేతులు తడిపించి, తువ్వాలుతో ఒత్తి, ఆ చెమ్మ ఆరకముందే పెట్రోలియం జెల్లీ ముద్దలా పూసింది. పైన నూలు సాక్సులు తొడిగింది. కాళ్ళకు కాదు, చేతులకు.

ఇక రోజూ అదే వరస. పడుకుంటే వేళ్ళన్నీ ఒకదానికొకటి జారుతూ, ఒళ్ళంతా ఏదో పాకుతున్నట్టుండేది. అవి పీకి అవతల పారేసి సబ్బుతో తోముకోవాలని ఎంత అనిపించేదో చెప్పలేను. ప్రార్థనకు చేతులు జోడిస్తే సాక్సులు జారేవి. దుప్పటి లాక్కోవడానికి కూడా అక్కనే లేపాలి. తగ్గుతోందా లేదా అని సాక్సు మడిచి మడిచి చూసుకునేదాన్ని. ఆదివారం భయం పట్టలేక, మండుతుందో లేదో చూద్దామని ఉప్పునీళ్ళు కలిపి వేలు ముంచబోయాను.

"ముంచావంటే ఆ ఏలు ఇరిచేత్తాను!" అని అక్క గిన్నె లాగేసుకుంది.

సోమవారం వార్డు గుమ్మంలో మేడమ్ స్పిరిట్ సీసా పట్టుకుని నిలబడింది. అరచేతులు ముందుకు పెట్టాను. పోసింది. రుద్దుకున్నాను. చల్లగా తగిలింది. ఇప్పుడు మండుతుంది, ఇప్పుడు మండుతుంది అనుకుంటూ వేళ్ళ సందుల్లో కూడా రుద్దాను. చలువ తప్ప ఏమీ లేదు. అది అర్థమవగానే నా కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారిపోయాయి.

మొహం చూసే మనిషి కదా, మేడమ్ సీసాకి మూత పెట్టేసింది. "అభీ భీ జల్ రహా హై. ఓపీడీ జావో" అంది, ఇంకా మండే ఏడుస్తున్నాననుకుని.

"నహీఁ మేడమ్!" అని ఆవిడ దారికి అడ్డంగా వెళ్ళి రెండు చేతులూ చాచాను. "ఫిర్ సే డాలియే."

నాకు పిచ్చెక్కిందా అన్నట్టు చూసింది. మూత తీసి మళ్ళీ పోసింది, ఈసారి కారిపోయేటంత. ఏడుస్తూనే నవ్వుతూ రుద్దుకున్నాను. ఇంకా పొయ్యమని మళ్ళీ చేతులు చాచాను.

మేడమ్ సీసా పక్కన పెట్టి, కొక్కేనికున్న గౌను తీసి నా మీదికి విసిరి, లోపల పాలకోసం ఎదురుచూస్తున్న పిల్లల వైపు చెయ్యి చూపించింది.

"రోనా బంద్ కరో. బచ్చే భూఖే హైఁ."