లెక్క పెట్టుకునే భాష

మాది కొత్తకోట దగ్గర ఊరు. ఈ ముక్క ఆ ఏడాది ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. ఫోనులో చెప్పాను, దరఖాస్తుల్లో రాశాను, ఎదుటివాళ్ళ కుర్చీల అంచున కూర్చుని చెప్పాను. నా నోటి నుంచి వినగానే వాళ్ళు ఒక్క క్షణం ఆగి, "ఔనా? మాట గట్ల లేదే" అనేవారు. చెప్పి చెప్పి, మాది నిజంగా ఆ ఊరేనా అని నాకే అనుమానం పట్టుకుంది.

తెలంగాణ వచ్చిన రెండో ఏడు మేము ముంబై నుంచి తిరిగొచ్చాము. నేను పుట్టింది అక్కడే, కొత్త మేడలు లేస్తున్న చోట కూలీలకు వేసిన రేకుల గుడిసెల్లో. పాలమూరు నుంచి వలసపోయిన వాళ్ళ పిల్లలందరిలాగే మునిసిపాలిటీ బడిలో మరాఠీలో చదువుకున్నాను. తంటాలు పడి బీకాం పూర్తి చేశాను. ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవాళ్ళం. కానీ అమ్మ తెలుగు ఊరి నుంచి మూటగట్టుకుని పోయినది, నాది ఆ గుడిసెల మధ్య మొలిచింది. మాట చివర గొంతు పైకి లేచేదట, మరాఠీ వాళ్ళలా మాటమాటకూ "నా" అని తగిలించేదాన్నట. నాకేం తెలుసు? ఎవరి యాస వాళ్ళకు వినపడదు కదా.

నాయిన పరంజా మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాక ఇక అక్కడ ఉండలేకపోయాము. మహబూబ్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నాము. నాయిన మంచం మీదికి చేరాడు. అమ్మకు అప్పటికే దమ్ము రోగం. మళ్ళీ సిమెంటు దుమ్ములోకి పోతే ఊపిరి దక్కదని దవాఖానలో డాక్టరు మొహం మీదే చెప్పాడు. అమ్మ బుద్ధిగా తలూపింది, ఇంటికి వచ్చి మేస్త్రీకి మాటిచ్చింది. మా దిక్కు నుంచి కూలీలను గుంపుగా ముంబైకి తీసుకుపోయే మనిషి ఆయన. దసరా కాగానే గుంపు కదులుతుంది.

"నీకు నౌకరి దొరికితే నేను పోను. దొరకకుంటే బస్సెక్కుత. గంతే" అంది అమ్మ.

నాకు మూడు నెలల గడువు. అంటే నా నోరు సరిగ్గా పలికితే అమ్మ బతుకుతుంది, లేకపోతే లేదు. ఆ లెక్క నాకు స్పష్టంగా అర్థమైంది, అర్థమైనప్పటి నుంచి ఒకచోట నిలబడలేకపోయాను. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగేదాన్ని. "కాలుగాలిన పిల్లి లెక్క ఏందే నీ తిరుగుడు, జర కూసో" అని నాయిన విసుక్కునేవాడు. కూర్చుంటే కాలు ఊగేది.

మొదట ఒక ప్రైవేటు బడికి పోయాను. లెక్కల టీచరు కావాలన్నారు. ప్రిన్సిపాలమ్మ నా కాగితాలు చూసి సంతోషించింది, నేను నోరు తెరిచాక ఆ సంతోషం పోయింది. "మీది మహారాష్ట్రనా?" అని అడిగింది. కాదు, కొత్తకోట దగ్గర అన్నాను. "ఏమో అమ్మా, పిల్లల తల్లిదండ్రులు ఊకోరు. బయటోళ్ళను తెచ్చి పెట్టిండ్రంటరు" అంది. బయటిదాన్ని అట. మా తాత ఎముకలు ఈ జిల్లా మట్టిలో ఉన్నాయి, నేను బయటిదాన్ని. ముంబైలో పుట్టినప్పటి నుంచీ నన్ను మద్రాసీ అన్నారు. మద్రాసు నేను బొమ్మల్లో కూడా చూడలేదు.

తర్వాత ఒక చిన్న ఆసుపత్రిలో చీటీలు రాసే పని. ఒక పూట కూర్చోబెట్టి చూస్తామన్నారు. పొద్దున్నే ఒక ముసలాయన వచ్చాడు. పేరేంటి, వయసెంత, ఏం బాధ అని అడిగాను. ఆయన చెవి ముందుకు పెట్టాడు. మళ్ళీ అడిగాను. మూడోసారి అడిగితే ఓపిగ్గా నవ్వి, "తెలుగొచ్చిన పిల్ల ఉంటే పిలువు బిడ్డా" అన్నాడు.

"నేను మాట్లాడేది తెలుగే తాతా. నీకు చెవుడేమో సూపించుకో" అన్నాను.

అంతే, మధ్యాహ్నానికి నన్ను ఇంటికి పంపేశారు. తప్పు నాదే, కాదనను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఈ సంగతి విని మా ఇంటి ఓనరమ్మ, "నోరు మంచిదైతే ఊరు మంచిదైతది" అని హితవు చెప్పింది. ఒళ్ళు మండిపోయింది. అయినా ఆమె దగ్గరే నేర్చుకోవడం మొదలుపెట్టాను. నల్లా దగ్గర బిందెలు నిండేదాకా ఆడవాళ్ళ మాటలు వినేదాన్ని, గదిలోకి వచ్చి గొణుక్కునేదాన్ని. "ఎటు పోతున్రు? తిన్నరా? ఏం కూర?" నాయిన మంచం మీద నుంచి తప్పులు దిద్దేవాడు. నవ్వేవాడు కూడా. నేను నవ్వలేదు. బతుకమ్మ పండుగ దగ్గరపడుతోంది, అమ్మ తన రెండు చీరలు ఉతికి మడతపెట్టి సంచిలో సర్దుకుంది. ఆ సంచిని తలుపు పక్కనే పెట్టింది.

బస్టాండు వెనకాల మందుల హోల్‌సేల్ దుకాణం ఒకటుంది. పల్లెల్లోని మెడికల్ షాపుల నుంచి ఫోనులో ఆర్డర్లు రాసుకునే మనిషి కావాలని విని వెళ్ళాను. సేటుకు నలభై దాటి ఉంటాయి. తెల్లచొక్కా, మెత్తని మనిషి. స్టూలు మీద కూర్చుని, గడువు దాటిన మాత్రల షీట్లు కంపెనీకి వాపసు పంపడానికి ఒక డబ్బాలోకి లెక్కపెట్టి వేస్తున్నాడు. మాట్లాడితే అచ్చంగా పాలమూరు. నేను నల్లా దగ్గర రెండు నెలలు నేర్చుకున్నా పట్టుబడని మాట అది.

"ఏ ఊరమ్మా?"

"కొత్తకోట దగ్గర సార్."

ఆయన చేయి ఆగింది. నా మొహం చూడలేదు. "మాట గట్ల లేదే" అన్నాడు ఆయన కూడా. "ఫోన్ల మాట్లాడే పని. షాపోళ్ళకు నీ మాట సమజ్ కావాలె గదా. నంబర్ ఇచ్చిపో, చూస్త."

లేచాను. వాకిట్లో నిలబడి చెప్పులు వెతుక్కుంటున్నాను, వెనక ఆయన మళ్ళీ లెక్క మొదలుపెట్టాడు. పెదవుల కింద, తనకు మాత్రమే వినపడేటట్టు. "దోన్, తీన్, చార్, పాచ్..." ఉర్దూలో లెక్కపెట్టేవాళ్ళు ఈ ఊళ్ళో సగం మంది ఉంటారు, అదైతే నేను పట్టించుకునేదాన్ని కాదు. కానీ ఆయన "నఊ, దహా, అక్రా" అన్నాడు. అది మరాఠీ, మా బడి. పలకలు పట్టుకుని వరుసలో కూర్చుని మేము అరిచిన లెక్క అది. మనిషి ఎన్ని భాషలు నేర్చినా చిన్నప్పుడు నేర్చిన భాషలోనే లెక్కపెడతాడు. నేనూ అంతే.

"అఠ్రా", అంటే పద్దెనిమిది దగ్గర, కౌంటరులో ఉన్న ఇద్దరు కుర్రవాళ్ళలో ఒకడు, "సేటూ, దేవరకొండ పార్సిల్ కట్టాల్నా?" అని అడిగాడు. కట్టమని చెప్పి ఆయన షీట్ల వైపు తిరిగాడు. ఎక్కడ ఆపాడో మరిచిపోయాడు.

"ఎకోణీస్" అని తర్వాతి అంకె అందించాను.

"ఎకోణీస్, వీస్, ఎక్‌వీస్..." అని తల ఎత్తకుండానే మూడు షీట్లు వేశాడు. నాలుగోది చేతిలోనే ఉండిపోయింది.

కుర్రవాళ్ళిద్దరినీ పార్సిల్‌తో బస్టాండుకు పంపాడు. నన్ను కూర్చోమన్నాడు. చేతిలోని షీటు డబ్బాలో వేశాడు. తర్వాత, "ఎన్నేండ్లున్నరు ఆడ?" అని తెలుగులోనే అడిగాడు. పుట్టినప్పటి నుంచి అన్నాను. అమ్మ సంగతి, దమ్ము సంగతి, సంచి సంగతి అన్నీ చెప్పేశాను. చెప్పకూడదనుకున్నవి కూడా.

"మా అమ్మ ఆడనే పోయింది. ఇసుక మోసుకుంట మోసుకుంట" అన్నాడు. "నాకు గీ మాట పట్టుబడనీకి పన్నెండేండ్లు పట్టింది. నేను ఆడ పెరిగినట్టు పిల్లనిచ్చినోళ్ళకు గూడ తెల్వదు. రేపటి సంది రా. ఫోన్ వద్దు, గోదాంల లెక్కలు చూడు. గీ ముచ్చట మాత్రం ఈడ ఎవ్వరికీ చెప్పకు."

సరేనన్నాను. ఆ క్షణంలో ఆయన నా నాలుక కోసిమ్మన్నా ఇచ్చేదాన్ని.

ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చి, అమ్మ సంచిలోంచి చీరలు తీసి దండెం మీద పడేశాను. అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "నీ తీరు మాట్లాడెటోళ్ళను గూడ తీసుకుండంటే ఆయన దేవుడు బిడ్డా" అంది. ఆయనా ముంబై నుంచి వచ్చినవాడేనని నేను చెప్పలేదు. అమ్మ దగ్గర ఒక్క మాట దాచడం నాకు అదే మొదలు.

దసరా పోయింది, గుంపు బస్సు అమ్మ లేకుండానే వెళ్ళిపోయింది. తర్వాతి వారం అమ్మ సీతాఫలాలు ఒక గంపకెత్తుకుని చెప్పాపెట్టకుండా దుకాణానికి వచ్చింది. నేను గోదాము గుమ్మంలో ఉన్నాను. కౌంటరు ముందు షాపుల వాళ్ళు నలుగురైదుగురున్నారు. అమ్మ గంప దించి, రెండు చేతులూ జోడించింది. పాతికేళ్ళు అక్కడి సాహెబులకు మొక్కిన మనిషి. పెద్దవాళ్ళకు మొక్కేటప్పుడు ఆమె నోటికి వచ్చేది మరాఠీయే.

"లయి ఉపకార్ ఝాలే, సాహెబ్" అంది.

కౌంటరులో కుర్రవాళ్ళు నవ్వారు. "ఏం బాస అవ్వా అది?" అన్నాడు ఒకడు. సేటు మొహం పాలిపోయింది. అమ్మ వైపు చూడకుండా నా వైపు చూశాడు.

"ఏమంటుందమ్మా? నాకు సమజ్ కాలే."

నలుగురూ నన్నే చూస్తున్నారు. అమ్మ ఇంకా చేతులు జోడించే ఉంది.

"మీరు శానా మేలు చేసిండ్రంటుంది సార్" అన్నాను.

"గదేం పెద్ద ముచ్చట కాదని చెప్పు."

నేను అమ్మ వైపు తిరిగాను. "గదేం పెద్ద ముచ్చట కాదంటుండు సార్" అని చెప్పాను. ఒక్కో మాటా విడివిడిగా, గట్టిగా, అర్థం కానివాళ్ళకు చెప్పినట్టు.

అమ్మ చేతులు దించింది. గంపలో పళ్ళన్నీ కౌంటరు మీద పెట్టేసి, ఖాళీ గంప చంకన పెట్టుకుని మెట్లు దిగింది. నేను వెనకాలే రోడ్డు దాకా వెళ్ళాను. అక్కడ ఆగి, దమ్ము తీసుకుని, నా మొహంలోకి చూసింది.

"నాకు తెలుగు రాదనుకున్నవా బిడ్డా?" అంది.