చిటపటల మాస్టరు, మఖమల్ కోటు

ఆ దర్జీకొట్టు మాస్టరు కత్తెర పడితే గుడ్డకి ప్రాణం వస్తుందని పేరు. నోరు విప్పితే ఎదుటివాడి ప్రాణం పోతుందనీ పేరే. అందుకే వీధంతా ఆయన్ని చిటపటల మాస్టరు అంటారు. మూడేళ్ల కిందట బాప్తిస్మం తీసుకున్నాడు. "మనిషంతా నీళ్లలో మునిగాడు గానీ, నోరొక్కటే పైన మిగిలిపోయింది," అనేది వాళ్లమ్మ.

ఆ మాటకి పైకి నవ్వినా లోపల బాధపడేది ఆయన భార్య. కొట్లోనే ఓ మూల కూర్చుని కాజాలు కుడుతుంది. ఆయన బొత్తిగా మారలేదని కాదు. ఇప్పుడు తిట్టాక నొచ్చుకుంటున్నాడు. రోజూ కత్తెర పట్టేముందు, "ప్రభువా, ఈ నోటి సంగతి నువ్వే చూసుకో," అని ప్రార్థన చేస్తాడు. ఆ ప్రార్థన మధ్యాహ్నం దాకా బాగానే పనిచేస్తుంది.

మిషను తొక్కేది మాస్టరు తమ్ముడు. పదేళ్లుగా కొట్లో ఏ తప్పు జరిగినా అతని నెత్తినే. ఈమధ్య రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీ వాళ్లు పనికి పిలిచారు. "ఇంకొక్కసారి నలుగురిలో మాటన్నాడంటే వెళ్లిపోతా వదినా," అన్నాడు. చేతులారా అన్నం పెట్టి పెంచిన మరిది. ఆవిడకి ఆరోజు నుంచి ముద్ద దిగలేదు.

అలాంటప్పుడు ఓ పెళ్లికొడుకు, తను కుట్టించుకుంటున్న మఖమల్ కోటు తొడిగి చూసుకోవడానికి వచ్చాడు. వెంట తండ్రి, చుట్టాలు నలుగురు. వెలుతురు బాగుంటుందని గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాడు. కోటు ముందుభాగం ఒక వైపు నల్లగా నిగనిగలాడుతోంది, రెండో వైపు వెలిసిపోయినట్టుంది.

మఖమల్‌కి ఒక దిక్కుకి వాలిన నూగు ఉంటుంది. ముక్కలన్నీ ఒకే దిక్కుగా కత్తిరించకపోతే ఇంతే. కత్తిరించింది మాస్టరు.

"కుట్టేటప్పుడు కళ్లెక్కడ పెట్టుకున్నావయ్యా?" అని పెళ్లికొడుకు తండ్రి, మిషను దగ్గరున్న తమ్ముడి మీదికి లేచాడు. తమ్ముడు తలదించుకున్నాడు. ఆ తేడా అతనికి మొన్న కుట్టేటప్పుడే కనిపించిందని వదినకి అర్థమైంది. ఆవిడ చేతిలో సూది ఆగిపోయింది. మాస్టరు ముఖం ఎర్రబడింది, పెదవులు కదిలాయి. అయిపోయింది అనుకుంది.

"అతన్ని అనకండి," అన్నాడు మాస్టరు. "గుడ్డ తిరగేసి కత్తిరించింది నేను. వాడు చూసి కూడా చెప్పలేకపోయాడంటే, అదీ నా నోటి పుణ్యమే. తప్పు రెండు విధాలా నాదే. రేపు సాయంత్రానికి సరిచేసి ఇస్తాను."

చుట్టాలు ఊరుకుంటారా? ఈ కొట్టు గడప తొక్కొద్దని ఊరంతా చెబుతామన్నారు. మాస్టరు చేతులు కట్టుకుని మొత్తం విన్నాడు. ఇంత పెద్దమనిషి తన మొగుడని ఆ వీధంతటికీ వినబడేలా అరవాలనిపించింది ఆవిడకి. అరవలేదు గానీ, కళ్లు తుడుచుకుని తలెత్తుకు కూర్చుంది.

వాళ్లు వెళ్లాక తమ్ముడు కోటు అందుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. "కనిపించింది అన్నయ్యా. చెప్పాల్సింది," అన్నాడు మెల్లగా.

"ఇకనుంచి చెప్పరా. నేను తిట్టినా సరే చెప్పు."

మాస్టరు మిగిలిన మఖమల్ తీసి బల్ల మీద పరిచాడు. కత్తెర పట్టుకుని, పదేళ్లలో ఎన్నడూ అడగని మాట అడిగాడు. "ఇలా వచ్చి చూడరా, సరిగ్గా ఉందా?"

తమ్ముడు అరచేత్తో నూగు నిమిరాడు. "దిక్కు సరే గానీ, కాస్త వంకరగా వేశావన్నయ్యా."

చిటపటల మాస్టరు కిక్కురుమనకుండా గుడ్డ సరిచేసుకున్నాడు.