థర్మామీటరులో పుల్ల

ఇన్నయ్యకు కాలు ఒకచోట నిలవదు. ఇరవై ఆరేళ్లుగా తెల్లవారగానే తార్నాకలో బస్సు దిగి, యూనివర్సిటీ క్యాంపస్‌లోని తెల్ల చెక్కపెట్టె దగ్గరికి పరుగులాంటి నడకతో పోతాడు. రాత్రి ఎంత చల్లబడిందో చూసి రిజిస్టరులో రాయడం అతని పని. పెట్టెలోని థర్మామీటరులో చిన్న పుల్ల ఉంటుంది. చల్లబడేకొద్దీ అది కిందికి జరిగి, అతి తక్కువ అంకె దగ్గర ఆగిపోతుంది; మళ్లీ వేడెక్కినా అక్కడే ఉంటుంది. చదివాక గొట్టాన్ని వంచి పుల్లను మళ్లీ పైకి తేవాలి.

ఏళ్లు గడిచేకొద్దీ రాత్రి అంకెలు పెరుగుతుంటే, ఇన్నయ్య థర్మామీటరును తిట్టి కొత్తది తెప్పించాడు. అదీ అదే చెప్పింది.

"థర్మామీటర్ తప్పు కాదు కాకా," అన్నది అక్కడ పరిశోధన చేసే స్వరూప. "పగలు నేల పట్టిన వేడి రాత్రి ఆకాశంలకు పోవాలె. మనం బొగ్గు, పెట్రోలు కాల్చంగ వచ్చిన కార్బన్ డయాక్సైడ్ దాన్ని పట్టుకొని కొంత మళ్ల కిందికే పంపుతున్నది."

ఇన్నయ్య మొహం చిట్లించుకున్నాడు.

ఈ జనవరిలో వరుసగా రెండో పొద్దున పుల్ల పదకొండు డిగ్రీల దగ్గర కనిపించింది. వెంటనే స్వరూపకు ఫోన్ చేశాడు.

"చూసినవా బిడ్డా, చలి మళ్ల వచ్చింది. మీ లెక్కలు మీ దగ్గరనే పెట్టుకోండ్రి."

పెట్టె మూస్తుంటే స్వెటర్ లోపల చెమట తగిలింది. నిన్న అంకె రాసుకొని తిరుగు బస్సు కోసం ఉరుకుతూ గొట్టాన్ని వంచనే లేదని అప్పుడు గుర్తొచ్చింది. రాసిన పదకొండును కొట్టేసి, మళ్లీ ఫోన్ చేశాడు.

"బిడ్డా, గా చలి నిన్నటిది."