ఏనుగుపల్లేరు నీళ్లు, కదలని రాయి

పెనుబల్లిలో నాది చిన్న టైలరింగ్ షాపు. ఆ రోజు పొద్దున జాకెట్టుకు హుక్సులు కుడుతుంటే కుడిపక్క నడుములో పోటు మొదలైంది. మిషన్ మీద కూర్చుని కూర్చుని పట్టేసిందనుకున్న. కాసేపటికి నొప్పి పొత్తికడుపులోకి దిగింది. నిలబడలేను, కూర్చోలేను. వాంతయింది. మూత్రానికి పోతే మంట. మా ఆయన అన్వర్ షట్టర్ దించి నన్ను ఖమ్మం దవాఖానాకు తీసుకపోయిండు.

అల్ట్రాసౌండ్ చేసిన్రు. "కుడి యురేటర్‌లో స్టోన్ ఉందమ్మా, ఏడు ఎంఎం. అదే పడిపోవచ్చు, పడకపోవచ్చు. మందులు వాడి మళ్లీ స్కానింగ్‌కు రండి" అన్నడు డాక్టర్. యురేటర్ అంటే ఏందని అడిగిన. కిడ్నీ నుంచి మూత్రం సంచికి దిగే సన్నని గొట్టమని చెప్పిండు.

ఇంటికొచ్చినంక పక్కింటి సీతారావమ్మ పిన్ని చూడటానికి వచ్చింది. వాళ్లది వ్యవసాయం. పెద్దోళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నరు. ఆమె చేతిలో ఒక మొక్క ఉంది. మందమైన ఆకులు, పసుప్పచ్చ పూలు, ముళ్ల కాయలు. గిన్నెడు నీళ్లలో ఒక కొమ్మ ముంచి తిప్పింది. చూస్తుండగానే నీళ్లు చిక్కబడి గుడ్డు తెల్లసొన లెక్క సాగినయి.

"ఏంది పిన్నీ, గిట్లయినయి?"

"ఇది ఏనుగుపల్లేరు. మూత్రంలో మంటొస్తే మా అమ్మ ఇదే తాగించేది. పల్చటి మజ్జిగలో ఈ కొమ్మ తిప్పి, చిక్కటి మజ్జిగని అమ్మేవాళ్లు కూడా ఉండేవాళ్లంట" అని నవ్వింది. "రాయిని కూడా కరిగిస్తుందంటారు."

ఆ నీళ్లకు పెద్దగా రుచి లేదు. గొంతులో జారిపోయింది. డాక్టర్ మందులు వేసుకుంటూనే రోజూ పొద్దున తాగిన. ఒకసారి మిగిలిన నీళ్లు అట్లనే ఉంచితే సాయంత్రానికి జిగురు పోయి మామూలు నీళ్లయినయి. నమ్మకం కుదరక మళ్లీ చేసి చూసిన. మళ్లీ అంతే. ఈలోగా మంట తగ్గింది. తర్వాత నొప్పీ పోయింది.

"రాయి కరిగింది. ఇంక స్కానింగ్ ఎందుకు?" అన్నడు అన్వర్.

నాకు మాత్రం చూడాలనిపించింది. సాయంత్రానికే నీళ్లయిపోయే జిగురు రాయిని ఎట్ల కరిగించింది? ఆ కుతూహలమే నన్ను మళ్లీ ఖమ్మం బస్సెక్కించింది.

రాయి ఉన్నచోటే ఉంది. "నొప్పి లేదంటే స్టోన్ పోయిందని కాదమ్మా. మూత్రం దిగక కిడ్నీ వాచింది. హైడ్రోనెఫ్రోసిస్ అంటం. వదిలేస్తే కిడ్నీ పాడైతది" అన్నడు డాక్టర్. ఆపరేషన్ ఎప్పుడు చేస్తరని అన్వర్ అడిగిండు.

లేజర్‌తో రాయిని పగలగొట్టి, మూత్రం ఆగకుండా దిగేటందుకు లోపల డీజే స్టెంట్ అనే సన్నని గొట్టం పెట్టిన్రు. అది ఉన్నన్నాళ్లు మిషన్ తొక్కితే నడుములో గుంజేది. ఒకరోజు మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో చలిజ్వరం వచ్చి మళ్లీ అడ్మిట్ అయిన. సెలైన్‌లో యాంటీబయాటిక్స్ ఎక్కుతుంటే, కిడ్నీ దక్కుతదో లేదోనని భయపడ్డ.

ఏనుగుపల్లేరు సంగతి అప్పుడే డాక్టర్‌కు చెప్పిన. ఆయన కోప్పడలే. నీళ్లు ఎట్ల చిక్కబడతయో అడిగి తెలుసుకున్నడు. "మంట తగ్గి ఉండొచ్చు, కాదనను. రాయి కరుగుతదని మాత్రం చెప్పలేను. స్టెంట్ తీసేదాకా తాగొద్దు. ఇంకేది తాగినా ముందు నాకు చెప్పాలె."

జ్వరం తగ్గింది. కొన్నాళ్లకు స్టెంట్ తీసేసిన్రు. తర్వాతి స్కానింగ్‌లో కిడ్నీ వాపు పోయిందని తెలిసింది. ఇప్పుడు షాపు మామూలుగానే నడుస్తుంది.

"నేను చెప్పి నీకు కీడు చేశానా, రజియా?" అని పిన్ని ఒకరోజు అడిగింది.

"మంట తగ్గిన మాట నిజమే పిన్నీ. రాయే కదల్లే."

"మా నాన్నకీ ఇట్లాగే నొప్పి తగ్గింది. రాయి పోయిందనే అనుకున్నాం. లోపల ఎవరు చూశారు?" అన్నది పిన్ని.

మీకు నేను చెప్పేది ఒక్కటే. పసరు తాగినా, మాత్ర మింగినా, నొప్పి పోయినంక కూడా ఒకసారి స్కానింగ్ చేయించుకోండి.