ట్రాన్స్‌పోజ్ బటన్‌తో ఆడిన అబద్ధం

2023. మణికొండలో రెండు గదుల ఫ్లాట్ మాది. ఒక గదిలో నేనూ, మా ఆవిడా, పాపా పడుకునేవాళ్లం. రెండోది నా స్టూడియో. వారమంతా అక్కడ ఇతరుల పాటలకు సంగీతం కూర్చి రికార్డు చేసేవాణ్ణి. శుక్ర, శనివారాలు బ్యాండుతో ఊళ్లు తిరిగేవాణ్ణి. ఆదివారం ఉదయం మియాపూర్‌లో మా చిన్న చర్చి సంఘం ఆరాధనకు కీబోర్డు వాయించేవాణ్ణి. ఇరవై ఏళ్లుగా ఇదే బతుకు. నడుము ఎప్పుడో పోయింది. కీబోర్డు పెట్టె బండిలోకి ఎత్తేటప్పుడు ప్రార్థన కన్నా మూలుగే ముందొచ్చేది.

మా గాయకుడు రాజేందర్‌ది సిద్దిపేట వైపు. పదకొండేళ్లు కలిసి తిరిగాం. గచ్చిబౌలి కంపెనీల వాళ్లు తమ వార్షికోత్సవాలకు మమ్మల్ని పిలిచేది అతని గొంతు కోసమే. చివరి పాటలో ఒక పైస్వరం అందుకుని అక్కడే నిలిచేవాడు. అంతవరకూ ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నవాళ్లు కూడా లేచి నిలబడేవారు. ఆ వేసవిలో సరిగ్గా ఆ స్వరం దగ్గరే గొంతు చీలడం మొదలైంది.

ఇలాంటప్పుడు మా పనిలో ఒక పద్ధతి ఉంది. పాట స్కేల్ తగ్గిస్తాం, అంటే పాట మొత్తాన్నీ కాస్త కింది శ్రుతికి దించుతాం. అందులో సిగ్గేమీ లేదు, వయసు మీదపడ్డ గాయకులందరూ చేసేదే. కాకపోతే కచేరీకి ముందు మైకులు సరిచూసుకునే సౌండ్ చెక్ వేళ గాయకుణ్ణి పక్కకు పిలిచి, అడిగి తగ్గించాలి. నేను అడిగాను. రాజేందర్ మొహం మాడ్చుకున్నాడు.

"స్కేల్ తగ్గించిన దినం నన్ను గూడ ఇంటికి పంపుర్రి అన్నా," అన్నాడు.

మళ్లీ అడగాల్సింది. అలసిపోయి ఉన్నాను, గొడవ వద్దనుకున్నాను. ఆ వారమే అతనికి చెప్పకుండా అర శ్రుతి తగ్గించాను. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే వేళ్లు ఎప్పటి మెట్ల మీదే ఆడతాయి, శబ్దం మాత్రం కింది శ్రుతిలో వస్తుంది. పక్కన నిలబడి చూసేవాడికి తేడా తెలియదు. గిటార్ వాయించే ఇమ్రాన్‌ను తీగలు సడలించమన్నాను. ఒప్పుకున్నాడు కానీ వేళాకోళం మానలేదు. "ఇట్లనే దించుకుంట పోతే నా గిటార్ తీగల మీద బట్టలారేసుకోవచ్చు అన్నా," అనేవాడు.

ఆ రాత్రి కచేరీలో రాజేందర్ పైస్వరం అందుకున్నాడు. తిరుగు ప్రయాణంలో అది కరక్కాయ మహిమ అన్నాడు. గొంతుకు మంచిదని నెల నుంచి బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుంటున్నాడట. మా అందరికీ తలా ఒకటి పంచాడు. నేనూ తీసుకుని చప్పరించాను. అంత వగరు, అంత చేదు ఎప్పుడూ ఎరగను.

నెల తిరిగేసరికి అర శ్రుతి చాలలేదు, ఒకటి తగ్గించాను. తర్వాత ఒకటిన్నర. అతను మాత్రం గొంతు తిరిగొచ్చిందని రోజురోజుకూ ధీమాగా ఉన్నాడు. ఒకరోజు అతని భార్య సునీత ఫోన్ చేసింది. ఆమె స్టాఫ్ నర్సు. గొంతు డాక్టరు దగ్గర రోజు ఖాయం చేస్తే, బాగైంది కదా ఇంకెందుకని రాజేందర్ వద్దన్నాడట.

"నిజంగనే మంచిగైందా అన్నా? ఇంట్ల మాట్లాడితే బొంగురుగనే ఉంటది. మీరు చెప్తే నమ్ముత," అంది.

"బాగానే పాడుతున్నాడమ్మా," అన్నాను.

అబద్ధసాక్ష్యం పలకకూడదని సండే స్కూల్లో కంఠతా పట్టినవాణ్ణి. నోటితో చెప్పింది ఆ ఒక్కసారే. వేళ్లతో మాత్రం ఐదారు నెలలు చెప్పాను. ప్రతి ఆదివారం సంఘంలో అతని గొంతు కోసం ప్రార్థన చేయించాను కూడా. స్వస్థత దేవుణ్ణి అడుగుతూ, దానికి కావలసిన ఒక్క నిజాన్ని నా దగ్గరే దాచుకున్నాను.

ఆ నవంబరులో ఒక పాట పాడటానికి అతను మా స్టూడియోకు వచ్చాడు. వాద్యాల ట్రాక్ వేరేవాళ్లు చేసి పంపింది, శ్రుతి మార్చడానికి వీల్లేదు. పైస్వరం దగ్గర గొంతు పట్టేసింది. నాలుగుసార్లు ప్రయత్నించాడు, నాలుగుసార్లూ గాలే వచ్చింది. హెడ్‌ఫోన్స్ తీసి, మొన్న శనివారం ఇదే స్వరం కొట్టిన కదా అన్నాడు.

తప్పు ఏసీ చలి మీద నెట్టేయొచ్చు. లేదా పాడినంత పాడమని, మిగిలింది సాఫ్ట్‌వేర్‌తో పైకి లాగొచ్చు. అది రోజూ చేసే పనే. ఆరోజు చేతులు రాలేదు. జరిగినదంతా చెప్పేశాను.

రాజేందర్ హెడ్‌ఫోన్స్ వైరు చుట్టి బల్ల మీద పెట్టాడు. తర్వాత, "ఎంత దించినవ్?" అన్నాడు.

"ఒకటిన్నర."

"జనానికి తెల్వకుండ చేస్తివి, మంచిదే. నాకు తెల్వకుండ ఎట్ల చేస్తివన్నా? నా గొంతు గురించి నేను ఎవరిని నమ్మాలె?"

మర్నాడు సునీతతో కలిసి ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్లాం. గొంతులో స్వరం పలికించే స్వరతంత్రి మీద చిన్న గడ్డ ఉంది. మొదట్లోనే వచ్చి ఉంటే కొన్నాళ్లు మాట ఆపి విశ్రాంతి తీసుకుంటే సరిపోయేదేమో, ఇప్పుడు ఆపరేషన్ తప్పదన్నారు. సునీత నా వైపు చూడలేదు. గడ్డ తీశారు, క్యాన్సర్ కాదని తేలింది. మాట తిరిగొచ్చింది, పైస్వరం రాలేదు.

మూడు నెలల తర్వాత శేరిలింగంపల్లిలో వాళ్లింటికి వెళ్లి క్షమాపణ అడిగాను. టీ ఇచ్చాడు. మెల్లగా, కొత్త గొంతుతో అన్నాడు: "క్షమించిన అన్నా. మనసుల ఏం పెట్టుకోలే. కని ఇగ నా పాటకు నువ్వు వాయించకు."

క్షమాపణ దొరికితే అంతా మునుపటిలా అవుతుందని అన్నాళ్లూ నమ్మాను. క్షమించడం వేరు, నమ్మి మళ్లీ గొంతు అప్పగించడం వేరు. ఇప్పుడు రాజేందర్ మరో బ్యాండులో కింది శ్రుతిలో పాడుతున్నాడు. జనం వింటున్నారట. నేను ఏ గాయకుడితో కూర్చున్నా, గొంతులో వినిపించింది పక్కకు పిలిచి చెప్పేస్తాను. ఇద్దరు ముగ్గురు అలిగి వేరేవాళ్లను పెట్టుకున్నారు. పెట్టుకోనీ. గాయకుడి కోపం భరించలేనివాడు అతని వెనక కూర్చుని వాయించకూడదు.