అత్త మొక్కు, రేణిగుంట చేపల పులుసు

మా రోజుల్లో సముద్రం దాటి చదువుకున్నాడంటే ఇంగ్లండు సీమకు పోయి వచ్చాడని అర్థం. నేనూ సముద్రం దాటే చదువుకున్నాను. కాకపోతే అందరూ ఇటునుంచి అటు దాటితే నేను అటునుంచి ఇటు దాటాను. పుట్టింది రంగూన్‌లో, పెద్ద పరీక్షకు చదివింది తిరుపతిలో. మా నాయన చిన్న వయసులోనే చిత్తూరు వదిలి ఓడెక్కి, రంగూన్‌లో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాగా కుదిరి, అక్కడే సంసారం పెట్టాడు. యుద్ధం వచ్చి రంగూన్ మీద బాంబులు పడేసరికి, దొరికిన ఓడెక్కి మద్రాసులో దిగాం. అందరూ దాన్ని స్వదేశానికి రావడం అన్నారు. నా మటుకు నాకు అది పరదేశమే. రంగూన్ తెలుగు పేటలో గోదావరి, విశాఖపట్నం వాళ్ళ మధ్య పెరిగిన నా మాట వింటే ఇక్కడి పిల్లలు నవ్వేవారు. వాళ్ళు మాట్లాడేది నాకు సగమే అర్థమయ్యేది. (బడిలో మొదటిరోజు ఒకడు "యాడుండావప్పా?" అని అడిగితే, ఏ ఆట ఆడుతున్నావని అడుగుతున్నాడనుకుని ఫుట్‌బాల్ అని చెప్పాను. ఆ ఏడాదంతా నన్ను ఫుట్‌బాల్ అనే పిలిచారు.)

నాయనకు చిత్తూరులో బెల్లం మండీలో పని దొరికింది. నన్ను మాత్రం తిరుపతిలో ఉన్న వాళ్ళ అక్క ఇంట్లో దిగబెట్టాడు. మా అత్తకు పిల్లలు లేరు. మామకు గోవిందరాజస్వామి గుడి దగ్గర ఇత్తడి సామాన్ల కొట్టు ఉండేది. మనిషి భారీగా ఉండేవాడు. తెల్లవారకముందే స్నానం చేసి, నుదుట నిలువు నామం దిద్దుకుని, అద్దంలో రెండుసార్లు చూసుకుని కొట్టుకు బయలుదేరేవాడు. ఆదివారం కొట్టు మూసి కాళహస్తి వైపు సరుకు చూసుకు రావడానికి పోయేవాడు. అత్త సన్నగా, చురుగ్గా, ఏ పనైనా మాట్లాడకుండా చేసేది. ఇద్దరూ నన్ను కన్నకొడుకులా చూసుకున్నారు. చిక్కంతా ఒక్కటే. ఆ ఇంట్లో మాంసం లేదు, చేప లేదు, కోడిగుడ్డు కూడా లేదు. రంగూన్‌లో పొద్దున లేస్తే వీధి మలుపులో చేపల పులుసులో సేమ్యాలు వేసి ఇచ్చే బర్మా అవ్వ దగ్గర పెరిగిన నాలుక నాది. వచ్చిన కొత్తలో ఒకరోజు భోజనాల దగ్గర ఆ పులుసు ఎట్లా ఉంటుందో వర్ణించడం మొదలుపెట్టాను. వడ్డిస్తున్న అత్త చేతిలో గరిట ఆగిపోయింది. మామ ముఖం పక్కకు తిప్పుకుని, "అల్లుడూ, ఈ ఇంట్లో ఆ మాటలు వద్దు" అన్నాడు. అత్త నా ఆకులో ఇంకొంచెం పప్పు వేసింది. పెద్ద తప్పు మాట్లాడానని ఆ పప్పంతా తలెత్తకుండా తిన్నాను.

పరదేశంలో దిగిన విద్యార్థికి పాఠాల కన్నా ముందు కావలసింది ఊరు తెలిసిన స్నేహితుడు. నాకు దొరికినవాడిది పీలేరు. మేమంతా వాణ్ణి పీలేరు అనే పిలిచేవాళ్ళం. వాడు గది తీసుకుని ఉంటూ, ఒక్కో పూట ఒక్కోచోట తింటూ, ఏ వేళకు ఎక్కడ ఏది వేడిగా దొరుకుతుందో గడియారం చూసుకోకుండా చెప్పగలిగేవాడు. బడి వదిలిన తర్వాత వాడి వెంట తిరగడమే నా అసలు చదువు. కపిలతీర్థం దగ్గర కొండ మీంచి నీళ్ళు దూకుతుంటే కింద తలపెట్టి నిలబడి, వణుకుతూ గట్టెక్కి, అక్కడొక ముసలమ్మ కాల్చి ఇచ్చే అలసందల వడలు తినేవాళ్ళం. చంద్రగిరి కోట గుట్ట మీద సీతాఫలాలు కోసి, రాజులు కూర్చున్న చోట కూర్చుని గింజలు ఎవరు ఎక్కువ దూరం ఊస్తారని పందెం వేసుకునేవాళ్ళం. తిరుచానూరు దారిలో పూల బుట్టలు మోసేవాళ్ళతో కలిసి నడుస్తూ బొరుగులూ, వేయించిన చెనిక్కాయలూ, అంటే వేరుశనగలూ, నమిలేవాళ్ళం. పీలేరు గదిలో రాగి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టి మింగడం నేర్చుకున్నాను. (నమలకూడదు, మింగాలి. నమిలితే పీలేరు కోప్పడేవాడు.) ఒక కాఫీ హోటల్లో మాత్రం మాకు కలిసిరాలేదు. గాలి బాగా వస్తోందని నేను లోపలి గదిలోకి పోయి కూర్చున్నాను. అది ఒక కులంవాళ్ళకే ప్రత్యేకించిన గదని నాకు తెలియదు. యజమాని వచ్చి మర్యాదగానే లేపాడు. రంగూన్‌లో కాఫీకి కులం ఉండటం నేనెప్పుడూ చూడలేదు. పీలేరు కారణం చెప్పి, నేనేమీ అనకముందే, "ఆడ డికాషను కూడా పల్సన లేప్పా" అని ఆ వీధి మొత్తాన్ని మా దారిలోంచి తీసేశాడు.

ఇన్ని తిన్నా నాలుకకు చేప గుర్తు పోలేదు. కలలో కూడా ఆ బర్మా అవ్వ గిన్నె పట్టుకుని వచ్చేది. చివరికి ఒకరోజు పీలేరుతో చెప్పుకుని బాధపడ్డాను. వాడు జబ్బుకు మందు తెలిసిన వైద్యుడిలా తల ఊపి, రేణిగుంట జంక్షన్ బయట ఒక మిలిటరీ హోటల్ ఉందనీ, కాళహస్తి చెరువుల చేప రోజూ ఆడికే వస్తుందనీ చెప్పాడు. మాంసాహారం పెట్టే హోటల్‌ను మా వైపు అట్లాగే అనేవారు. ఆ ఆదివారం తిరుచానూరు అమ్మవారి దర్శనానికి పోతున్నామని అత్తకు చెప్పి, ఇద్దరం రేణిగుంట రైలెక్కాం. పాపం అత్త, మంచిదని చెప్పి, చేతికి రెండు అరటిపండ్లు ఇచ్చింది, అమ్మవారికి పెట్టమని. వాటిని రైల్లోనే తినేశాం.

హోటలంటే పైన తాటాకు పందిరి, లోపల పొడుగాటి బల్లలు. బియ్యానికి కరువు రోజులు కాబట్టి అన్నం గిన్నెతో కొలిచి పెట్టేవారు. పులుసుకు మాత్రం కొలత లేదు. నా ఆకులో చేపముక్క పడింది. చింతపండు పులుసు, పైన ఎర్రటి నూనె. రంగూన్ చేపకూ దీనికీ బంధుత్వం ఏమీ లేదు, అయినా నాకు కళ్ళు చెమర్చాయి. (మిరపకాయ వల్ల అని పీలేరుకు చెప్పాను. సగం నిజమే.) రెండో ముద్ద నోటి దగ్గరకు పోతుండగా నా వెనక బల్ల నుంచి, "తలకాయ ఎవరికీ ఇయ్యొద్దప్పా, అది నాది" అని ఒక గొంతు వినిపించింది. ఆ గొంతు నేను రోజూ పొద్దున గోవిందనామాల్లో వింటున్నదే.

తిరిగి చూడకుండా ఉండాల్సింది. చూశాను. మా మామ. నుదుట నామం తుడిచేసుకున్నాడు కానీ, అన్నేళ్ళ నామం కాబట్టి దాని జాడ తెల్లగా మిగిలే ఉంది. ఆయన చేతిలో ముద్ద, నా చేతిలో ముద్ద. నేను లేచి నిలబడ్డాను. రేపటి నుంచి నా చదువు చిత్తూరు బెల్లం మండీలోనే అని మనసులో తేల్చేసుకున్నాను. మామ కాసేపు నన్ను చూసి, పీలేరును చూసి, మళ్ళీ నన్ను చూసి, ఎంతో నిదానంగా, "కూర్సో అల్లుడూ. చేప సల్లారితే నీసు వాసనొస్తాది" అన్నాడు.

ఆకు తీసుకుని మా బల్లకే వచ్చి కూర్చున్నాడు. కాళహస్తి సరుకు సంగతి నేనడగలేదు, అమ్మవారి దర్శనం సంగతి ఆయనడగలేదు. తలకాయ పూర్తిచేసిన తర్వాత ఆయనే చెప్పుకొచ్చాడు. మొక్కు అత్తదట. మా నాయన ఓడెక్కిన రోజున, తమ్ముడు క్షేమంగా తిరిగి వచ్చేదాకా ఇంట్లో నీసు వండనని తిరుచానూరు అమ్మవారికి మొక్కుకుందట. ఆమె మొక్కును గౌరవించి మామ కూడా మానేశాడు. కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఆ తర్వాత ఒకసారి నిజంగానే సరుకు కోసం కాళహస్తి పోతూ ఇక్కడ రైలు మారాల్సి వచ్చిందట.

"మొక్కు మీ అత్తది, నోరు నాది. ఏం జేసేది? ఆమెకు తెలిస్తే మనసు కష్టపడతాది" అన్నాడు.

నాకు అర్థం కానిది ఒకటి ఉండిపోయింది. భయం భయంగానే అడిగాను. "మామా, మా నాయన తిరిగి వచ్చేశాడు కదా?"

పీలేరు నీళ్ళు తాగుతున్నవాడల్లా గ్లాసు దించాడు. మామ ఎడమచేతి వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టి, "అవును గదా" అన్నాడు. మా నాయన వచ్చి అప్పటికే ఏడాది దాటింది. ఆ ఏడాదిలో ఆయన ఎన్ని ఆదివారాలు నామం తుడుచుకున్నాడో ఆయనకే తెలియాలి.

తిరుగు రైల్లో మామకు ఇంకో దిగులు పట్టుకుంది. మొక్కు తీరినా ఆమె వండటం లేదంటే, మొక్కు కాస్తా నిష్ఠగా మారిందేమో. అట్లాంటప్పుడు అడగడం పాపం, అడగకుండా ఉండటం కష్టం. చివరికి ఆ రాయబారం నా నెత్తిన పెట్టాడు. నేను రంగూన్ పిల్లవాణ్ణి కాబట్టి, ఏమీ తెలియక అడిగానని అత్త అనుకుంటుందని ఆయన లెక్క. నాకేమో రైల్లో తినేసిన అమ్మవారి అరటిపండ్లే గుర్తొచ్చేవి. అత్త ఎదురుపడితే పెరట్లోకి తప్పుకునేవాణ్ణి. కొట్టుకు పోయే ముందు మామ రోజూ నావైపు ఒక చూపు చూసేవాడు, నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి.

ఒక సాయంత్రం అత్త చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతుంటే, నేనూ పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. చిత్తూరులో మా అమ్మ ఈమధ్య చేపలు వండిందట అని ఊరికే ఒక మాట వదిలాను. అత్త చేట ఆపలేదు.

"మీ యమ్మకేం, వండుకుంటాది. నేనూ మొక్కు ఎప్పుడో తీర్చేసినా. మీరు ఓడ దిగి ఈడికొచ్చిన వారమే తిరుచానూరు పోయి టెంకాయ కొట్టొచ్చినా."

మరి ఎందుకు వండటం లేదని అడిగాను. అత్త వాకిలి వైపు చూసి, గొంతు తగ్గించింది.

"మీ మామకు అలవాటై పోయినాది నాయనా. ఆ పొద్దు నువ్వు చేపల మాటెత్తితే ఎట్ల మొగం తిప్పుకున్నాడో సూసినావు గదా. అంత నిష్ఠగా ఉండే మనిషిని నా నోటి కోసం నేనెట్ల చెరిపేది?"

అదే పూట కొట్టుకు పరిగెత్తి ఆ మాట మామ చెవిన వేశాను. ఆయన ఒక చెంబును చింతపండుతో తోముతున్నాడు. విని, ఆ చెంబును మళ్ళీ మొదటినుంచి తోమాడు. ఆ తర్వాత, ఆదివారం అత్తను కూడా రేణిగుంట తీసుకుపోదాం అన్నాడు. ఏం చెబుతారని అడిగితే, అది తాను చూసుకుంటానన్నాడు. ఆయన చూసుకున్నది ఏమిటంటే, అల్లుడికి పెద్ద రైళ్ళు చూపించాలట. సముద్రం దాటి వచ్చినవాడికి రైలు చూపించడానికి భార్యాభర్తలిద్దరూ బయలుదేరారు. అత్త నమ్మిందో లేదో తెలియదు, పట్టుచీర మాత్రం కట్టుకుంది.

అప్పట్లో అట్లాంటి హోటల్లో ఆడవాళ్ళు అడుగుపెట్టేవారు కాదు. అందుకని ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద అత్తనూ నన్నూ కూర్చోబెట్టి, మామ మాయమయ్యాడు. సిపాయిలతో ఒక రైలు వచ్చి ఆగింది, పోయింది. మామ క్యారియర్ పట్టుకుని వచ్చి, బెంచీ మీద పెట్టి మూత తీశాడు. వాసన అందరికన్నా ముందు మాట్లాడింది. అత్త క్యారియర్‌ను చూసింది, మామను చూసింది, ఆ తర్వాత నన్ను చూసింది.

"ఇది యాడిది?"

"ఆ బయట హోటల్‌ది" అన్నాడు మామ.

"ఆ హోటల్ మీకెట్ల తెలుసు?"

మామ పట్టాల వైపు చూశాడు. "ఆదివారం ఆదివారం..." అన్నాడు.

"అన్ని ఆదివారాలా?"

"వానొస్తే రాను."

ఆ క్షణంలో నేను భూమి చీలితే దూరిపోవడానికి సిద్ధంగా ఉన్నాను. అత్త తల వంచుకుని కూర్చుంది. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. మామ భుజం మీది తువ్వాలు తీసి చేతుల్లో నలుపుతున్నాడు. "నువ్వు ఒక్క మాట అనుంటే" అని ఏదో మొదలుపెట్టబోతే, అత్త చేత్తో ఆపింది. ప్లాట్‌ఫారానికి వీపు పెట్టి తిరిగి కూర్చుని, క్యారియర్ మూతలోకి అన్నం తీసుకుని, పులుసు కలిపి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. అన్నేళ్ళ తర్వాత మొదటి ముద్ద. మామా నేనూ పరీక్ష ఫలితం కోసం నిలబడినట్టు నిలబడ్డాం. ఆమె నెమ్మదిగా నమిలింది, ముల్లు తీసి పక్కన పెట్టింది, ఇంకో ముద్ద తిన్నది.

"మెంతులు మాడ్చినారు. పులుపెక్కువ. దీనికోసమా ఇన్నేండ్లు రైలెక్కి వచ్చింది?" అంది మామతో. "నాతో చెప్పుంటే నేను చేసి పెట్టనా?"

క్యారియర్‌లో మాత్రం ఏమీ మిగల్చలేదు.

ఆ తర్వాతి ఆదివారం నుంచి మామ కాళహస్తి వ్యాపారం ఆగిపోయింది. అత్త పెరట్లో వేరే పొయ్యి, కొత్త మట్టిచట్టి పెట్టి చేపలు వండేది. వీధిలోకి వాసన పోకుండా సాంబ్రాణి ఎంత వేసేదంటే, మీ ఇంట్లో ఆదివారాలు ఏ పూజ చేస్తున్నారని పక్కింటివాళ్ళు భక్తిగా అడిగేవారు. మామ చిరునవ్వు నవ్వి, కుటుంబ ఆచారం అని చెప్పేవాడు. పీలేరు ఆ పూజకు తప్పకుండా వచ్చేవాడు. చేతులు కట్టుకుని, తలకాయ మామకు వదిలేసి, తోకతో సరిపెట్టుకునేవాడు.

నేను పరీక్ష పాసై చిత్తూరు వెళ్ళిపోయాను. ఆలుమగల మధ్య రాయబారం నడిపి గెలిపించానని చాన్నాళ్ళు ఛాతీ విరుచుకుని తిరిగాను, ఆ కథ ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పాను. ఒకరికోసం ఒకరు అన్నేళ్ళు నోరు విప్పని ఆ ఇంట్లో, ఆ మౌనం కూడా ఒక రకం కాపురమేనని అప్పటి ఆ రంగూన్ పిల్లవాడికి తట్టలేదు. పెళ్ళయి ఇన్నేళ్ళు గడిచిన తర్వాత ఇప్పుడిప్పుడే నాకు కొంచెం కొంచెం తడుతోంది. వాడికి అప్పుడు తట్టిందల్లా, ముక్కలు ఎవరి ఆకులో ఎన్ని పడ్డాయన్నదే. వాణ్ణి తలుచుకుంటే కోపం రాదు. ఆకలి వేస్తుంది.